దొంగ కథ చెప్పేదెవరు?

మంగళగిరిలో మా పఠన మండలి సమావేశం జరిగినప్పుడు ఒక విద్యార్థి ‘గాడ్‌ఫాదర్’ చిత్రంపై వ్యాసం చదివాడు. కష్టపడి వ్రాసిన వ్యాసం. చదవటం ముగించి నావైపు తిరిగి, “మాస్టారూ, సిసిలీ నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చినవాడు న్యూయార్కును గడగడలాడించాడు. వాళ్లు ఆ బతుకును మహాకావ్యం చేసుకున్నారు. మన జిల్లాల్లోనే స్టూవర్టుపురం వున్నది, టైగర్ నాగేశ్వరరావు వున్నాడు. మనకు అటువంటి కావ్యం యెందుకు రాలేదు?” అని అడిగాడు. ఆ పూటకు యేదో చెప్పి తప్పించుకున్నాను. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే నా జవాబులో పస లేదనీ, అతని ప్రశ్నలోనే ఒక చిక్కు వున్నదనీ తోచింది. దొంగను గూర్చి కావ్యం రావటం రాకపోవటం తరువాతి మాట. ఇంతవరకు వచ్చిన కథలు యెవరి నోటి నుంచి వచ్చాయి? ముందు తేల్చుకోవలసింది అది.

మొదట సిసిలీ సంగతి చూద్దాం. అమెరికా నేర చరిత్రలో పేరుమోసిన లక్కీ లూచియానో 1897లో లెర్కారా ఫ్రిద్ది అనే వూళ్లో పుట్టాడు. అది గంధకపు గనుల వూరు. సిసిలీ గంధకపు గనుల్లో పసిపిల్లలు ఖనిజాన్ని వీపులమీద మోసి పైకి తెచ్చేవాళ్లు. తండ్రి గని మేస్త్రీ దగ్గర ముందుగా కొంత సొమ్ము పుచ్చుకొని కొడుకును అప్పగించేవాడు. ఆ బాకీ తీరేదాకా పిల్లవాడికి విడుదల లేదు. పాలేరు జీతాలు యెరిగిన మన రైతాంగ ప్రాంతాల వాళ్లకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. అంతకు కొద్ది కాలం ముందు, 1890 దశకం మొదట్లో, అదే ద్వీపంలో కూలీలూ గని కార్మికులూ ‘ఫాషీ’ అనే సంఘాలు పెట్టుకొని కౌళ్ల మీదా కూలిరేట్ల మీదా పోరాడారు. (ముస్సోలినీ ఫాసిస్టులకూ వీరికీ పేరులో తప్ప పోలిక లేదు.) 1894లో ప్రధాని క్రిస్పీ సైన్యాన్ని దించి ఆ సంఘాలను అణచివేశాడు. ఆ క్రిస్పీ కూడా సిసిలీవాడే! పోరాట మార్గం మూసుకుపోయిన తరువాత మిగిలినవి రెండు దారులు: ఓడ యెక్కటం, లేదా భూస్వామి తరఫున కౌలు వసూలుచేసే కిరాయి రౌడీల నీడన చేరటం. రెండో దారినే లోకం మాఫియా అన్నది. లూచియానో కుటుంబం 1906లో ఓడ యెక్కింది.

ఆ ఓడ దిగిన వాళ్లకు అమెరికా యే పేరు పెట్టింది? 1891లో న్యూ ఆర్లియన్స్‌లో పోలీసు అధిపతి హత్య కేసులో కోర్టు ఒక్కరికీ శిక్ష వేయలేదు. అయినా ఒక గుంపు జైలు తలుపులు పగలగొట్టి 11 మంది ఇటలీ వాళ్లను చంపింది. నేరం వాళ్ల రక్తంలోనే వున్నదని ఆ పట్టణపు పెద్దమనుషులు నమ్మారు. దీనికి శాస్త్రం తోడుబోయింది. పుట్టుకతో నేరస్థుడు వుంటాడనీ, కపాలం కొలిచి కనుక్కోవచ్చుననీ చెప్పిన లొంబ్రోజో ఇటలీవాడు. అతని శిష్యులు దక్షిణ ఇటలీ ప్రజలను తక్కువ జాతిగా లెక్క కట్టారు. మనం సిగ్గుతో గుర్తుంచుకోవలసిన విషయం వేరే వున్నది: ఆ శిష్యుల్లో ఎన్రికో ఫెర్రీ సోషలిస్టు నాయకుడు. దక్షిణ ఇటలీ సమస్యను గూర్చి 1926లో వ్రాసిన వ్యాసంలో గ్రాంసీ ఈ సిద్ధాంతాన్ని తన పార్టీ సంప్రదాయంలోనుంచే పెకలించవలసి వచ్చింది.

ఇక లూచియానో జీవితం. మద్యనిషేధ కాలంలో సారాయి వ్యాపారం, ఆ తరువాత వ్యభిచార వ్యాపారం. 1936లో 30 నుంచి 50 యేళ్ల శిక్ష. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా నౌకాదళం ఓడరేవుల్లో కాపలా కోసం జైల్లో వున్న అతని పలుకుబడిని వాడుకున్నది. అతనికి శిక్ష పడేలా వాదించిన ప్రాసిక్యూటరు డ్యూయీ తరువాత గవర్నరు అయ్యాడు. 1946లో శిక్ష తగ్గించి అతణ్ణి ఇటలీకి పంపింది ఆ డ్యూయీయే. 1962లో నేపుల్స్ విమానాశ్రయంలో చనిపోయాడు. ఈ కథలో తుపాకులకన్నా ఆ శిక్ష తగ్గింపు పత్రం నాకు యెక్కువ విషయం చెబుతున్నది. చట్టం ఒకవైపూ నేరం ఒకవైపూ నిలబడి పోరాడుకోలేదు. అవసరం వచ్చినప్పుడు బల్లకు అటూ ఇటూ కూర్చుని బేరమాడుకున్నాయి.

అయితే ‘గాడ్‌ఫాదర్’ మనకు దీన్ని చూపించటం లేదా అంటే, కొంత చూపిస్తున్నది. ఆ మాట దాచను. 1974లో వచ్చిన రెండో భాగంలో వలస పిల్లవాడు రేవులో దిగిన దృశ్యాలు గొప్పవి. కాని అక్కడ కథ చెప్పేది కుటుంబమే. కుటుంబ గౌరవం తప్ప వేరే కొలబద్ద లేదు. ఆ కుటుంబానికి కప్పం కట్టిన కూరగాయల వర్తకుడి ఇంట్లోకి కెమెరా వెళ్లదు. సినిమా తయారయ్యే రోజుల్లో ఇటాలియన్ అమెరికన్ల సంఘమొకటి వత్తిడి తెచ్చి ‘మాఫియా’ అనే మాటనే సంభాషణల్లోనుంచి తీసివేయించింది. ఆ సంఘం పెట్టించింది జో కొలంబో అనే ముఠా నాయకుడే! మాట తీసివేయించగల బలం వాళ్లకు వున్నది. ఆ బలం మన ఎరుకల వాళ్లకు లేదు. ఇక్కడినుంచి మన కథ.

ఎరుకల వారి పాతవృత్తి ఉప్పు, ధాన్యాల రవాణా. కోస్తా నుంచి ఉప్పు యెద్దులమీదా గాడిదలమీదా వేసుకొని ఎగువ వూళ్లకు చేర్చి, ధాన్యం తిరిగి తెచ్చేవారు. దారిపొడవునా బుట్టలూ తట్టలూ అల్లి అమ్మేవారు. కుంపెనీ ప్రభుత్వం ఉప్పును తన గుత్తాధికారం చేసుకున్నది. రైలు వచ్చి వారి బాటలన్నీ మింగింది. అడవి చట్టాలు వెదురునూ పశువుల మేతనూ లాక్కున్నాయి. 1876–78 కరువు మిగిలినదాన్ని ఊడ్చింది. వాళ్ల దారులన్నీ ప్రభుత్వమే మూసి, ఆ పైన దారివెంట తిరగటమే నేరమన్నది.

1892లో మద్రాసు రాజధానిలోని ‘నేరస్థ వర్గాల’పై ఒక పుస్తకం వచ్చింది. వ్రాసినవాడు మల్లాలీ, పోలీసు అధికారి. వారి ఆచారాలు, భాష, నేర పద్ధతులు ఇందులో వివరించబడ్డాయి. ఎరుకల వారిని గూర్చి ఇంగ్లీషు చదువరికి తెలిసిన ‘జీవితచరిత్ర’లో మొదటి అధ్యాయం పోలీసు వ్రాశాడు అన్నమాట. 1871లో ఉత్తరాదిన పుట్టిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు రాజధానికీ తెచ్చారు. ఒక తెగ నేరస్థ తెగ అని ప్రభుత్వం ప్రకటిస్తే ఆ ప్రకటనను యే కోర్టూ ప్రశ్నించరాదు. పేరు నమోదు, వేలిముద్రలు, రాత్రిపూట హాజరీ, వూరు దాటితే చీటీ. పట్టికలోని నేరానికి రెండోసారి శిక్షపడితే యేడేళ్లు, మూడోసారి పడితే యావజ్జీవ ద్వీపాంతరవాసం. పుట్టిన పిల్లవాడు యే నేరమూ చేయకముందే ముద్దాయి అయ్యేవాడు. లొంబ్రోజో పుస్తకంలో వున్నది ఇక్కడ చట్టంలోకి యెక్కింది.

1913లో బాపట్ల, చీరాల మధ్య స్టూవర్టుపురం వెలిసింది. మద్రాసు గవర్నరు కార్యవర్గ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేరు ఆ వూరికి పెట్టారు. నిర్వహణ రక్షణ సైన్యమనే సాల్వేషన్ ఆర్మీది. దానికి ఇండియాలో అధిపతి బూత్ టకర్, పూర్వాశ్రమంలో ఐ.సి.యస్. అధికారి. నేరానికి చికిత్స చేసే శాస్త్రమని ఒక కొత్త పేరు కూడా ఆయన కనిపెట్టాడు. చికిత్స యేమిటి? పని. చేసే పనికి తగిన మంచి భూమి అక్కడ లేదు. చీరాలలో పొగాకు కంపెనీ ఐ.ఎల్.టి.డి. వున్నది, దానికి చవుక కూలీలు కావాలి. పొద్దుపోతే హాజరీకి తిరిగిరాక తప్పని కూలీకంటే యజమానికి అనుకూలమైనవాడు యెవడు? కృష్ణ ఒడ్డున, మాకు దగ్గర్లోనే సీతానగరంలో ఇటువంటి సెటిల్మెంటులోనే రాయి కొట్టారు. కావలి సెటిల్మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. మతం, పోలీసు, పెట్టుబడి ముగ్గురూ ఒకే చావిట్లో కూర్చున్న సన్నివేశం అది. మద్రాసులో 1947లోనూ, దేశం మొత్తంమీద 1952లోనూ ఈ చట్టం రద్దయింది. రద్దు కావటంతో పేరు పోయిందా?

నా చిన్నతనంలో మా ఇంటికి ఒక ఎరుకల ఆవిడ బుట్టలు తెచ్చేది. మా నాయనమ్మ ఆవిడను ‘యేమే’ అనకుండా ‘అమ్మాయ్’ అనేది, చేటెడు బియ్యం పోసేది, ఎరుక చెప్పించుకొనేది. ఆవిడ వీధి మలుపు తిరగగానే లోపలికి పోయి చెంబులు లెక్కపెట్టేది. ఒకసారి నాచేత కూడా లెక్కపెట్టించింది. యెప్పుడూ ఒక్క చెంబు తగ్గలేదు. అయినా లెక్క మానలేదు. మిరపకల్లం దగ్గర రాత్రి కాపలా పడుకున్నప్పుడు “స్టూవర్టుపురం వాళ్లు దిగారట” అంటే పెద్దవాళ్లు కూడా దుప్పటి పైకి లాక్కునేవారు. దిగినవాళ్లను నేను యెన్నడూ చూడలేదు. కల్లంలో నిజంగా పోయేది తూకంలో పోయేది. అది కమీషను కొట్టులో పట్టపగలు పోయేది.

ఈ భయాన్ని సినిమా సొమ్ము చేసుకున్నది. 1991లో ఒకే యేడాది ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’, ‘స్టూవర్టుపురం దొంగలు’ అని రెండు చిత్రాలు వచ్చాయి. పేర్లు చూడండి! ఒక వూరుకు పోలీసు స్టేషనూ దొంగలూ తప్ప మరేమీ లేనట్టు. ఆ వూళ్లో బడి లేదా? రైలు స్టేషను లేదా? పొద్దున్నే పొగాకు గ్రేడింగుకు టిఫిన్ డబ్బా పట్టుకొని బయలుదేరిన ఆడకూలీ లేదా?

తరువాత 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. దర్శకుడు వంశీ, నాయకుడు రవితేజ. 1970లలో దొంగతనాలతో పేరుపొంది, 1980లో పోలీసు తూటాలకు చనిపోయిన స్టూవర్టుపురం మనిషి కథ. ఇది 1991 నాటి చిత్రాలకంటే ఒక మెట్టు పైన వున్నదని ఒప్పుకోవాలి. సెటిల్మెంటు చరిత్ర కొంత చెప్పింది. వూరికి నేరం యెలా అంటగట్టబడిందో ప్రస్తావించింది. నా విద్యార్థి వాదన ఇదే: “ఇది మన పక్షం సినిమా కాదా మాస్టారూ?”

కాదని నా అభిప్రాయం. కథాకథనం చూడండి. ఢిల్లీ నుంచి ఒక గూఢచారి శాఖ అధికారి. ఒక పోలీసు అధికారి. రెండోవాడు మొదటివాడికి నాగేశ్వరరావు కథ చెబుతాడు. అంటే చెప్పేదీ పోలీసే, వినేదీ పోలీసే. మల్లాలీ 1892లో కూర్చున్న కుర్చీ ఖాళీ కాలేదు. అందులో కూర్చున్నవాడు ఇప్పుడు తిట్టటం మాని మెచ్చుకుంటున్నాడు, అంతే. తిట్టినా మెచ్చుకున్నా అతను చెప్పే సంగతి ఒకటే: ఈ మనిషి అందరివంటివాడు కాదు, పుట్టుకతోనే పులి. అప్పుడు ‘నేరస్థ రక్తం’ అన్నదే ఇప్పుడు ‘వీర రక్తం’ అయింది. గోదావరి వంతెనమీద రైలు దోపిడి దృశ్యంలో పిల్లలు యీలలు వేస్తారు. ఆ దోచిన సొత్తు ఆ తరువాత యెవరి చేతుల్లోకి పోయింది? బంగారం యెవడూ తినలేడు. కరిగించాలి, కొనాలి, తిరిగి అమ్మాలి. అందుకు కొలిమి కావాలి, కొట్టు కావాలి, పలుకుబడి కావాలి. ఇవేవీ సెటిల్మెంటు గుడిసెలో వుండవు. తూటా దొంగకు తగిలింది. దొంగసొత్తు కొన్నవాడి పేరు మీద ఇంతవరకు ఒక్క సినిమా రాలేదు.

ఆ చిత్రంలో హేమలతా లవణం పాత్ర కూడా వున్నది. రేణూ దేశాయ్ ధరించారు. మహాకవి జాషువా కుమార్తె, గోరా కోడలు. ఆవిడా లవణం గారూ 1970లలో స్టూవర్టుపురంలో అడుగుపెట్టి చేసినది సాహసంలేని పని: ఇంటింటికీ తిరగటం, జైళ్లలో వున్నవాళ్లతో మాట్లాడటం, బయటికి వచ్చినవాడికి బతుకుదెరువు వెతకటం, పిల్లల చదువు చూడటం. నాస్తిక కుటుంబం వాళ్లు వచ్చి, పాపాన్ని గూర్చి కాక పనిని గూర్చి మాట్లాడారు. వాళ్ల పద్ధతిలో వర్గదృష్టి చాలలేదని, హృదయపరివర్తన మీద నమ్మకం హెచ్చని నేను యిప్పటికీ అంటాను. కాని నమోదు పట్టీలో మనిషి పేరు చూసేవాళ్ల మధ్య ఆ మనిషి ముఖం చూసినవాళ్లు వాళ్లు. చిత్రంలో ఆవిడ నాయకుడి గొప్పతనానికి ఒక సాక్షి స్థాయికి కుదించబడింది.

ఆ సినిమా విడుదలకు ముందు ఎరుకల వారి తరఫున ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పిటిషను పడింది. తమ వూరినీ తమ జాతినీ నేరానికి చిరునామా చేస్తున్నారని వాళ్లు మొరపెట్టుకున్నారు. మన పత్రికల్లో సినిమా సమీక్షలకు దొరికిన చోటు ఈ మొరకు దొరకలేదు. వీరగాథగా పొగుడుతుంటే అభ్యంతరం యెందుకని అడిగిన మిత్రులు వున్నారు. ఆ పొగడ్త ధర యెవరు చెల్లిస్తారు? ఉద్యోగానికి దరఖాస్తులో స్వగ్రామం ‘స్టూవర్టుపురం’ అని వ్రాసే కుర్రవాడు.

ఇక ‘కావ్యం యెందుకు రాలేదు’ అన్నదానికి నా జవాబు: వచ్చింది. నూరేళ్ల క్రితమే వచ్చింది. పలనాడు అడవి సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు జైల్లో వ్రాసిన ‘మాలపల్లి’. 1922లో వెలువడింది, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. మనం దాన్ని హరిజనోద్ధరణ నవలగా, గాంధీయుగపు నవలగా, రష్యా విప్లవ ప్రభావం పడిన నవలగా పాఠం చెబుతాం. దొంగ కథగా యెవరమూ చదవం. చదివి చూడండి. చౌదరయ్య చేతిలో సంగదాసు చనిపోయాడు. సంగదాసు అన్న వెంకటదాసు తక్కెళ్ల జగ్గడై ధనికుల ఇళ్లు దోచాడు. తండ్రి రామదాసు, వేదాంతం చెప్పుకొనే సాత్వికుడు, కుటుంబంతో సహా నేరస్థుల సెటిల్మెంటు పాలయ్యాడు. దొంగ కాని వాళ్లను తెచ్చి దొంగలుగా నమోదు చేయటం ఆ నవలలో కళ్లముందు జరుగుతుంది. కూలి తగాదా నుంచి హత్య, హత్యనుంచి దోపిడి, దోపిడినుంచి సెటిల్మెంటు: ప్రతి మెట్టుకూ కారణం కనిపిస్తుంది. యెక్కడా రక్తం మాట లేదు. మరి చెబుతున్నది యెవరు? జైలు గదిలో కూర్చున్న ఖైదీ. పోలీసు కుర్చీకి యెదురుగా నిలబడినవాడు.

‘మాలపల్లి’లో లోపం లేదనను. జగ్గడు మరీ శుద్ధ సువర్ణం. పేదలకు పంచిపెట్టే దొంగ, మచ్చలేని దొంగ. పాఠకుడి సానుభూతి కోసం అతణ్ణి దేవుణ్ణి చేయవలసి వచ్చింది. మచ్చ వున్న దొంగకు న్యాయం అడిగే ధైర్యం ఉన్నవ వారికి కూడా చాలలేదు. సెటిల్మెంటు ప్రకరణాలు మాత్రం అలా కాదు; అక్కడ దేవుడు లేడు, పెత్తనం వున్నది, కడుపు వున్నది. జగ్గడి ప్రతాపం కంటే ఆ పుటలు తెలుగు నవలకు యెక్కువ విలువైనవని నా నమ్మకం.

మన అభ్యుదయ విమర్శ కూడా ఇక్కడ తప్పు చేసింది. అందులో నా పాలు వున్నది. హాబ్స్‌బామ్ 1959లో వెలువరించిన ‘ఆదిమ తిరుగుబాటుదారులు’ అనే గ్రంథాన్ని చదివిన ఉత్సాహంలో నేను తరగతిలో ప్రతి దొంగనూ వర్గపోరాట యోధుణ్ణి చేశాను. ఆయన అన్నది అది కాదు. రైతు తనవాడనుకొనే బందిపోటు వేరు, భూస్వామి తరఫున రైతును అణచే మాఫియా వేరు. పైగా మొదటివాడు కూడా రెండోవాడి చేతిలో పనిముట్టు కావచ్చు. సిసిలీలోనే రుజువు వున్నది. పేదల పాలిటి దొంగ అనిపించుకొన్న సాల్వతోరే జూలియానో ముఠా 1947 మే 1న పొర్తెల్లా దెల్లా జినెస్త్రా దగ్గర మేడే జరుపుకొంటున్న రైతుకూలీలమీద తుపాకులు పేల్చింది. 11 మంది చనిపోయారు. ఫ్రాంచెస్కో రోజీ 1962లో అతనిపై తీసిన చిత్రంలో జూలియానో ముఖం సరిగా కనిపించనే కనిపించదు. ఒక పెరటిలో బోర్లాపడిన శవంతో మొదలవుతుంది; అక్కడినుంచి, ఇతణ్ణి యెవరు వాడుకున్నారు, యెవరు చంపించారు అన్న విచారణే సినిమా అంతా. నా విద్యార్థికి ‘గాడ్‌ఫాదర్’ బదులు ఈ చిత్రం చూడమని చెప్పాను.

చూసి వచ్చాడు. తన వ్యాసం తిరిగి వ్రాస్తున్నాడు. కాని నాతో పూర్తిగా యేకీభవించలేదు. “సినిమాహాలులో రవితేజ తెరమీదికి వచ్చినప్పుడు మా పక్క వరుసలో ఎరుకల కుర్రాళ్లే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు మాస్టారూ. పిటిషను వేసినవాళ్లూ వాళ్లే, చప్పట్లు కొట్టినవాళ్లూ వాళ్లే. ఆ చప్పట్లకు మీ వ్యాసంలో చోటేదీ?” అన్నాడు. నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. ఆ ప్రశ్నతోనే వ్యాసం మొదలుపెట్టమన్నాను. వ్రాసి పంపితే సంపాదకులు ఈ పత్రికలోనే, నా మీద విమర్శ యేమాత్రం తగ్గించకుండా ప్రచురించాలని కోరుతున్నాను.